ముందు కాలి మీద బరువు

హోసూరు ఇండోర్ హాలులో కొత్త మ్యాట్ పరిచినప్పుడల్లా టైర్ల కొట్టు వాసన వస్తుంది. కబడ్డీ ఆడేవాళ్లకు అది అలవాటే. నాకు మాత్రం ఆ వాసనకు అరికాళ్లు నిలవవు. మట్టి మీద కబడ్డీ నేర్పిన ఉద్దనపల్లి మునిరాజప్ప సార్ గుర్తొస్తారు. ఆయన పొద్దున రాయకోట మండీలో టమాటాలు అమ్మి, సాయంత్రం మాకు ఆట నేర్పేవారు. రెండు చోట్లా తన పని మెత్తబడినవాటిని ఏరడమే అనేవారు. మేము ఏ గంపలోకి వస్తామో అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నాకు పేరొచ్చింది గెంతు వల్ల. కూతకు వెళ్లి, పట్టుకోబోయేవాడి తల మీదుగా దూకి గీత దాటేవాణ్ణి. కృష్ణగిరిలో నాకు ఫ్లెక్సీ కూడా కట్టారు. గాలికి అది నాకంటే బాగా ఎగిరేది. ఆ తర్వాతే వరసగా పట్టుబడసాగాను. ఎదుటి జట్టువాళ్లు నా చీలమండను బస్సులో కమ్మీ పట్టుకున్నంత తేలిగ్గా పట్టుకునేవారు. వారంలో రాష్ట్ర జట్టు సెలక్షన్. అందులో తేలకపోతే జిల్లా జట్టులోనూ చోటు ఉండదని చెప్పేశారు. కూర్చుంటే కాళ్లు ఆడేవి, పడుకుంటే కళ్లు మూతపడేవి కావు. ఎవరికీ చెప్పకుండా ఉద్దనపల్లి బస్సెక్కాను.

"ఏమప్పా, ఫ్లెక్సీలోంచి దిగి వచ్చినావా?" అన్నారు సార్.

"కొత్త గెంతు ఏదైనా నేర్పండి సార్."

"ఎగిరేది తర్వాత. ముందు నా మీదికి కూతకు రా."

వెళ్లాను. ఆయన టమాటా పెట్టె మీద నుంచి లేవలేదు. ఒక చేతిలో టీ గ్లాసు అలాగే ఉంచి, రెండో చేత్తో నా చీలమండ పట్టేశారు. బోర్లా పడ్డాను. టీ మాత్రం ఒలకలేదు.

"బరువంతా ముందర కాలి మీద ఏసినావు. ఆ కాలు వాళ్లకి ఇచ్చేసినట్లే కదప్పా. ఎగరాల, ఎగరాల అని ఒళ్లే వంగిపోయింది. నీకు తెలీలేదా?"

"లేదు సార్."

"ఎట్ల తెలుస్తాది? నీ కండ్లు వాళ్ల చేతుల మీద ఉంటాయి. నీ కాలు చూసేదానికి ఇంకొకడు కావాల."

ఆ వారమంతా నన్ను ఎగరనివ్వలేదు. బరువు వెనక కాలి మీద, ముందు కాలు తేలిగ్గా: చేరిన రోజు నేర్పిన అడుగే అది. ఇల్లు అలుకుతున్నవాడిలా ముందుకూ వెనక్కూ జరిగాను. విసుగెత్తి, "ఇది మొదటి పాఠం సార్" అన్నాను.

"పాసయింటే మళ్లీ ఎందుకప్పా వచ్చినావు?"

సెలక్షన్‌లో ఒకడు నా చీలమండకు చేయి చాచాడు. కాలు అప్పటికే అక్కడ లేదు. వాడి భుజం తాకి, నడుచుకుంటూ గీత దాటాను. ఎవరూ ఈల వేయలేదు. జట్టులోకి తీసుకున్నారు. ఫోన్ చేస్తే సార్ అడిగింది ఒకటే:

"ఎగిరినావా?"

"లేదు సార్."

"అయితే ఇప్పుడు పాసయినావు" అని పెట్టేశారు.

కొన్నేళ్లకు సార్ పోయారు. పేరు పెరిగేకొద్దీ నా చుట్టూ తప్పు చెప్పేవాళ్లు తగ్గిపోయారు. అందరూ "సూపర్ అన్నా" అంటారు. అది వింటే నాకు మరీ కుదురుండదు. అందుకే మ్యాచ్‌కు ముందు జట్టులో ఎవరో ఒకరిని పట్టుకుని, "నా మొహం చూడొద్దప్పా, బరువు యాడ ఉందో చెప్పు" అంటాను. మొన్న ఒకడు నసిగి నసిగి, "ముందరికే పోతా ఉందన్నా" అన్నాడు.

చాన్నాళ్లకు ఆ పూట కాస్త స్థిమితంగా నిలబడ్డాను.