అమ్మోరి ముందర పెట్టిన ఊతకడ్డీ

మాదయ్యది మామూలు భయం కాదండీ, గుండె నోట్లోకి వచ్చే భయం. తిరువొత్తియూరు గోడౌన్లో నిండు బస్తా వీపున వేసుకుని నవ్వుతా నడిచే మనిషి, ఇనప పలక దగ్గరికి వస్తే మాత్రం వణికిపోయేవాడు. వణకడా మరి!

లారీకీ అరుగుకూ నడుమ వేసే పలక అది. సరుకంతా దాని మీదనే దొర్లించాల. మొదట్లో నలుగురు కలిసి గడ్డపారలతో లేపి వేసేవాళ్లు. ఒకనాడు పట్టు జారి, మాదయ్య పక్కన నిలబడిన చిన్నప్ప పాదం దాని కింద నలిగిపోయింది. ఆ అరుపు మాదయ్య చెవుల్లోంచి పోనేలేదు.

డెబ్బై ఆరులో కంపెనీవాళ్లు కొత్త పలక బిగించినారు. అరుగు అంచుకు కీళ్లు, కింద గుంటలో లావుపాటి స్ప్రింగులు. గొలుసు లాగితే పైకి లేస్తుంది, మనిషి దాని మీద నడిస్తే ఆ బరువుకే దిగి లారీ మీద ఆనుకుంటుంది. ఒక్క మనిషి చాలు. అందరూ సంబరపడినారు.

"సులువుగా లేచేది సులువుగా పడదా?" అన్నాడు మాదయ్య.

"పోరా పిరికోడా!" అని మేస్త్రీ నాగప్పన్ పకపకా నవ్వినాడు.

పలకతో పాటు ఒక ఊతకడ్డీ కూడా వచ్చింది. ఊడ్చేదానికి గుంటలోకి దిగే ముందు దాన్ని పలక కింద నిలబెడితే, పైన ఎంతమంది ఎక్కినా పలక దిగదు. మాదయ్యకు ఉన్న ధైర్యమంతా ఆ కడ్డీనే. అందుకే ఆ ఏడు ఆయుధపూజకు దాన్ని తానే తోమి, పసుపు పూసి, బొట్టు పెట్టి, బస్తాలు లాగే కొక్కేల కన్నా ముందు అమ్మోరి పటం పాదాల దగ్గర పెట్టినాడు. పూజలో పెట్టిన పనిముట్టును ఆ పొద్దంతా ఎవురూ తాకరు.

హారతి అయ్యింది. అంతలో అర్జెంటు సరుకని ఒక లారీ వచ్చింది. నాగప్పన్ గొలుసు లాగి పలక లేపి, లారీని వెనక్కి రమ్మని సైగ చేస్తా అరుగు చివరికి పోయినాడు. అప్పుడే దిష్టి తీసిన నిమ్మకాయ ఒకటి గుంటలోకి దొర్లింది. ఆడ ఊడ్చే పని మాదయ్య పెళ్లాం వల్లిది. దిష్టికాయ గుంటలో ఉండకూడదని, పలక లేచే ఉంది కదా అని దిగేసింది.

మాదయ్య ప్రసాదం బొరుగులు నోట్లో పోసుకుంటా అటు చూసినాడు. గుంటలో వల్లి కొంగు. ఇటు చూసినాడు. అమ్మోరి ముందర కడ్డీ. బొరుగులు గొంతుకు అడ్డం పడినాయి. నాగప్పన్ వెనక్కి వచ్చి, లారీ వైపే చూస్తా, పలక మీద కాలు పెట్టబోతున్నాడు.

మాదయ్య పరిగెత్తి మేస్త్రీ నడుం పట్టి ఈడ్చినాడు. ఇద్దరూ అరుగు మీద వెల్లకిలా పడినారు.

"ఏంది మావా, మేస్త్రీని కొడతావా!" అంటా వల్లి నిమ్మకాయతో పైకి వచ్చింది. మాదయ్య పెళ్లాం చెయ్యి పట్టుకుని చిన్నబిడ్డ మాదిరి ఏడ్చేసినాడు.

మరుసటేడు పూజకు వల్లి కడ్డీ తోముతా ఇమ్మని అడిగింది. మాదయ్య దాన్ని పలక కిందనే నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని, "కావాలంటే బొట్టు ఈడికే తెచ్చి పెట్టండి" అన్నాడు. నాగప్పన్ నవ్వలేదు. కుంకుమ గిన్నె తానే తెచ్చి వంగినాడు.