పక్కకు నెట్టిన సాస్ గిన్నె

మా ఫోషాన్‌లో క్వాన్ అక్క కాల్చే బాతుకు ఎంత పేరుందో, ఆమె నోటికీ అంతే పేరు. నేను ఆమె కొట్లో వడ్డిస్తాను. మూడేళ్ళుగా మా బాతే తింటున్న అమెరికా మాస్టారు హార్లన్, "మా టెక్సాస్ పొగమాంసం చేసే మొనగాడు చైనాలోనే లేడు" అనేసరికి అక్కకు రోషం పొడుచుకొచ్చింది.

తెల్లారకముందే పెద్ద గొడ్డుమాంసం ముక్కను లిచీ కట్టెల పొగలో పెట్టింది. పొద్దుగూకేదాకా పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు, నన్ను మూత తియ్యనివ్వలేదు. చివరికి ముక్కలు కోసి హార్లన్ ముందుంచి, బాతుకిచ్చే తీపి సాసే గిన్నెలో పోసి పక్కన పెట్టింది.

హార్లన్ గిన్నెను పక్కకు నెట్టేశాడు.

మా దగ్గర ఇంతకన్నా అవమానం లేదు. అక్క ముఖం కందగడ్డయింది. "నచ్చకపోతే లేచి పో!" అంటూ పళ్ళెం లాగింది. రెండో చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. ఆయనా పళ్ళెం వదల్లేదు.

"అయ్యో అక్కా, నచ్చకేం! మాంసం బాగా కుదరకపోతేనే మా టెక్సాస్‌వాళ్ళు సాస్ అడుగుతారు" అన్నాడు హార్లన్.

అక్క పళ్ళెం వదిలేసింది. ఆయన కళ్ళు మూసుకుని నమలడం మొదలుపెట్టాడు. అక్క మాత్రం కత్తి దించలేదు.

"అయితే మాస్టారూ, మూడేళ్ళుగా నా బాతుకి రెండేసి గిన్నెల సాస్ ఎందుకు అడుగుతున్నట్టో?"