వదులంటే గిట్టని గాంధిమతి

గాంధిమతికి ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే, వదులు. ఎవరి ఒంటిమీదైనా బట్ట కాస్త వేలాడుతూ కనిపించిందా, ఆమె మాట మధ్యలో ఆగిపోయేది. చెయ్యి దానంతటదే తాళిగొలుసు దగ్గరికి వెళ్ళేది. ఆ గొలుసుకు తాళిబొట్టు ఒకటి, పిన్నీసులు పన్నెండు. రెండు పిన్నీసులు తీసి, అవతలి మనిషి నడుం దగ్గర గుడ్డను వెనక్కి లాగి గుచ్చేసి, "ఇప్పుడు చూడు, మనిషి మాదిరి ఉండావు" అనేది. ఒకసారి విరుదునగర్ బస్సులో టికెట్ కొట్టడానికి వచ్చిన కండక్టర్‌కు కూడా గుచ్చేసింది. ఆయన సాత్తూరు దాకా గమనించనే లేదు. గమనించాక తియ్యనూ లేదు, అద్దంలో బాగుందట.

కోవిల్‌పట్టిలో ఆమెకు పగలంతా అగ్గిపెట్టెల కంపెనీలో పని, సాయంత్రం ఇంట్లో కుట్టుమిషను. మొగుడు చెల్లసామి అన్నానికి కూర్చునే ముందు చొక్కా విప్పేవాడు. తొడుక్కుని తింటే మారు వడ్డనకు కడుపులో చోటుండేది కాదు.

"ఏమే, ఇది చొక్కాయా? కాలిరిగినోడికి కట్టు కట్టిన మాదిరి ఉండాదే!"

"కట్టు కట్టినోడు నిటారుగా నిలబడతాడు. నువ్వూ నిలబడు."

వీధిలోవాళ్ళు ఫిర్యాదు చేద్దామన్నా కుదిరేది కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడే ఈ మనుషులు గడప దాటితే తమిళంలోకి దిగిపోతారు. తమిళంలో 'పిడిచ్చిరుక్కు' అంటే ఒంటిని పట్టేసిందనీ అర్థమే, నచ్చిందనీ అర్థమే. ఆమె కుట్టిన రవిక తొడుక్కుని ఊపిరాడక ఎదురింటి ముత్తుప్పేచ్చి "పిడిచ్చిరుక్కు అక్కా, పిడిచ్చిరుక్కు!" అని మొత్తుకుంటే, గాంధిమతి మురిసిపోయి, "తెలుసు పాపా, అందరికీ నచ్చుతాది" అని పంపేసింది.

ఆమె అక్క కూతురు కార్తీశ్వరికి మాత్రం చిన్నమ్మ చెయ్యంటే ప్రాణం. ఆ చేతిలో పడ్డ గుడ్డ గుడ్డలా తిరిగి రాదని ఆ పిల్ల నమ్మకం.

2001లో కార్తీశ్వరి బడి ఆడపిల్లల హాకీ జట్టు పోటీకి విరుదునగర్ వెళ్ళాల్సి వచ్చింది. ఒక నూనెమిల్లు యజమాని టీషర్టులు పంపాడు. గోల్‌కీపర్ పిల్లకు వేరే చొక్కా ఉంది. మిగతా పదిమందికి వచ్చినవి తొమ్మిది. అన్నీ నలభైరెండు సైజు, వీపు మీద 'అసలైన నువ్వులనూనె' అని ఇంత లావు అక్షరాలు. తొడుక్కుంటే పిల్లలు కనబడలేదు, గోనెసంచులు నడుస్తున్నట్టుంది.

పంచిన రోజు జట్టులోని మునీశ్వరి బడికి రాలేదు, చొక్కా దక్కనిది ఆమెకే. ఒకే రకం చొక్కా లేనివాళ్ళను మైదానంలోకి రానివ్వరని మాస్టారు ముందే చెప్పారు. మునీశ్వరి ఊరు దాటి ఒక్క ఆటా ఆడిన పిల్ల కాదు. కార్తీశ్వరి తన చొక్కా ఇవ్వబోయింది.

"నువ్వు ఆడవే. నేను నీళ్ళ సీసాలు పట్టుకుంటా" అంది మునీశ్వరి, నవ్వుతూనే.

కార్తీశ్వరి ఇంటికొచ్చి చిన్నమ్మ ముందు ఏడ్చింది. గాంధిమతి కళ్ళు మాత్రం చొక్కా మీదే ఉన్నాయి.

"ఎంత వదులే! తొమ్మిదీ తీసుకురా."

తెచ్చింది. గాంధిమతి ఒక్కో చొక్కా తిరగేసి పరిచింది. దాని మీద ఆ పిల్ల ఒంటికి అమరే పాత చొక్కా పెట్టి, అరిగిన సబ్బుముక్కతో చుట్టూ గీత గీసింది. చేతుల కుట్లు విప్పి, భుజాలు లోపలికి కోసి, నడుం దగ్గర వంపు తిప్పి, తొడల దాకా వేలాడే అంచును బెత్తెడు తగ్గించింది. బనియన్ గుడ్డ మిషను కింద సాగిపోతుందని అడుగున పాత పేపరు ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపేసింది. తొడుక్కుని చూసిన పిల్లలు ముందు అద్దం చూసి మురిశారు, తర్వాత గాలి కోసం వెతికారు.

"చిన్నమ్మా, మూచ్చు ఆడలే!" అంది కార్తీశ్వరి, ఊపిరి అందక. "మునీశ్వరి సంగతి చెప్తే చెవిన పెట్టలేదు. నీకు వదులు తప్ప ఏమీ కనబడదా?"

"కడుపు లోపలికి పెట్టు. సరిగ్గా ఉండాది."

కార్తీశ్వరికి మొదటిసారి చిన్నమ్మ మీద నిజంగా కోపం వచ్చింది.

ప్రయాణం రోజు పొద్దున బస్టాండుకు గాంధిమతి ఒక పొట్లంతో వచ్చి, మునీశ్వరి చేతిలో పెట్టింది. అందులో పదో చొక్కా ఉంది. అదే రంగు, అదే గుడ్డ. అడ్డంగా నాలుగు పట్టీలు, అతుకు అతుకునా ముచ్చటైన జంట కుట్టు. వీపు మీద నువ్వులనూనె లేదు. మునీశ్వరి తొడుక్కుంటే తక్కిన పిల్లలు కుళ్ళుకున్నారు. మాస్టారు అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "రంగు ఒకటే, బస్సెక్కు" అన్నారు.

కార్తీశ్వరి ఆ పట్టీల వైపు చూసింది. తన నడుం తడుముకుంది. చిన్నమ్మను పక్కకు లాగింది.

"ఇంత బిగించింది ఇందుకా? ఒక మాట చెప్పి ఉంటే తిట్టకుందును గదా!"

"చెప్తే మీరు గుడ్డ ఇచ్చినోళ్ళు అవుతారు, మునీశ్వరి తీసుకున్నది అవుతాది. ఒకే జట్టులో అది బాగుంటాదా? పైత్యం నాదని అనుకోనీ. అందరికీ తెలిసిందే గదా."

కార్తీశ్వరికి చిన్నమ్మను వాటేసుకోవాలనిపించింది. ఊపిరి నిండా పీల్చి, రెండు చేతులూ చాపింది. చంక కింద కుట్టు పటుక్కుమంది.