ఎడమ సీట్లో ఆంటీ

మాస్టర్స్ చదివే రోజుల్లో ఇంగ్లండ్‌లోని హౌన్స్‌లోలో ఒక అంకుల్, ఆంటీల ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఒక వేసవిలో వాళ్లు నన్నూ కారెక్కించుకుని ఇటలీ బయలుదేరారు. ఇంగ్లండ్ కారు కదా, స్టీరింగ్ కుడివైపు. అక్కడేమో బండ్లు నడిచేదీ కుడివైపే. ముందున్న లారీని దాటాలంటే, ఎదురుగా ఏం వస్తోందో అంకుల్‌కు కనబడదు. ఎడమ సీట్లోని ఆంటీయే మెడ చాపి చూసి చెప్పాలి.

"ఏం వస్తలేదు, పోనియ్యుండ్రి."

దారంతా ఇదే మాట. వెనక సీట్లో నేను హాయిగా నిద్రపోయాను. ఆమె మాత్రం కన్ను మూయలేదు.

ఫ్లోరెన్సులో మ్యూజియం చూడాలన్నది ఆంటీ కోరికే. టికెట్లు కూడా ఆమే ముందుగా బుక్ చేశారు. తీరా లోపలికెళ్లాక, ఇన్నాళ్లూ చూడాలనుకున్న చిత్రం ఎదురుగానే బెంచీ మీద కూర్చుని, చూస్తూ చూస్తూ నిద్రపోయారు.

"లెవ్వు, చీకటి పడకముందే పీసా పోవాలె," అంటూ అంకుల్ ఆమె భుజం తట్టారు.

ఆంటీ కళ్లు తెరవలేదు. మెడ మాత్రం ఎడమకు చాపి, "ఏం వస్తలేదు, పోనియ్యుండ్రి," అన్నారు.

అంకుల్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కారు తాళాలు జేబులో వేసుకుని, చప్పుడు కాకుండా ఆమె పక్కన కూర్చున్నారు.

మేం పీసా చూడనేలేదు.