మా కోడలి బాణం

మా కోడలు రాసిన పేరా ఒకటి ఎర్రగీత పడకుండా లెక్చరర్ చేతిలోంచి బయటపడింది. అది ఆమె మొదటి విజయం. దానికోసం ఎంత చెమటోడ్చిందో ఇంట్లోవాళ్ళం కళ్ళారా చూశాం కనుక రాస్తున్నాను.

ఆమె పెద్దాసుపత్రిలో, విచారణ కిటికీ దగ్గర ఉద్యోగి. పొద్దున కూర్చున్నది మొదలు "ఎక్స్‌రే గది ఎక్కడమ్మా?" అన్న ప్రశ్నే. చెప్పిచెప్పి గొంతు పోయి, దారి చూపే బోర్డుల పని నేర్చుకుంటానని సాయంత్రం కాలేజీలో చేరింది. పాసైతే బోర్డుల విభాగానికి మారుస్తామని ఆసుపత్రివాళ్ళు మాటిచ్చారు. తప్పితే మళ్ళీ ఆ కిటికీయే.

మొదట "అందరూ ఎక్స్‌రే గదే అడుగుతారు" అని రాసింది. "అందరూ అంటే ఎవరు? ఆధారమేదీ?" అని లెక్చరర్ గీత కొట్టాడు. పట్టు విడవకుండా కిటికీలోంచి గమనించి, "వచ్చినవారిలో ఎక్కువమంది ఎక్స్‌రే గది అడిగారు, కొందరు దాని గుమ్మంలో నిలబడే అడిగారు" అని రాసింది. గీత పడలేదు. ఆ కాగితాన్ని ముందుగదిలో పటం కట్టించాను.

తరువాత బొమ్మలతో చెప్పడం. మనిషి పక్కన నిలబడి వివరించాల్సి వస్తే అది బొమ్మే కాదన్నాడు లెక్చరర్. అప్పుడు గీసింది ఒక ఎర్ర బాణం. ఏం బాణమది! వంటింటి గోడకు ఆనించి పెడితే, మంచినీళ్ళకని లేచిన మా అబ్బాయి పక్కింటి డాబా మీద తేలాడు.

"ఇక్కడేం పనయ్యా నీకు?" అంది పక్కింటావిడ.

"ఏమో అక్కా, బాణం ఇటే చూపించింది."

మా కోడలు ఆ మాట శ్రద్ధగా రాసుకుంది. ఆధారం దొరికింది కదా!

పరీక్షనాడు బాణాన్ని స్టాండుకు బిగించి, పరీక్ష గది వైపు తిప్పి, కాలేజీ వరండాలో పెట్టింది. మార్కులు వెయ్యడానికి బయటినుంచి ఇద్దరు పెద్దమనుషులు రావాలి. ఈలోగా నేల తుడిచే ఆవిడ స్టాండు జరిపి, మళ్ళీ పెట్టేటప్పుడు గేటు వైపు పెట్టింది. వచ్చినవాళ్ళు బాణం చూశారు, మెచ్చుకోలుగా తలలూపారు, గేటు దాటి వెళ్ళిపోయారు. కాసేపటికి, బాణం కింద రాసి ఉన్న మా కోడలి నంబరుకు ఫోను.

"అమ్మాయ్, ఇంకా ఎంత దూరం?"

"అయ్యో సార్, గది ఇక్కడే! వెనక్కి రండి."

"బాణం అలా చెప్పలేదమ్మా," అని పెట్టేశారు.

మర్నాటికి రెండు ఊళ్ళు దాటారు.

"ఇలాంటి బాణం నా సర్వీసులో చూడలేదు. కానీ వాళ్ళు సంతకం పెట్టందే మార్కుల్లేవు. నువ్వే వెళ్ళి తీసుకురా," అన్నాడు లెక్చరర్.

"నోటిమాటతో పిలిస్తే రారు మామయ్యా," అని ఇంటికొచ్చి నాతో చెప్పి, మా కోడలు ఇటువైపు తిరిగిన బాణం ఇంకొకటి గీసి, చంకన పెట్టుకుని బస్సెక్కింది.

నిన్న ఫోను చేసింది. సముద్రం ఒడ్డున దొరికారట, పడవకు బేరమాడుతూ. బాణం చూపగానే మారుమాట లేకుండా వెనుదిరిగారట. బస్సెక్కమని బాణంలో లేదు గనక నడిచే వస్తున్నారు. ఆమె ముందు, వాళ్ళు వెనక.

"మార్కుల సంగతేమిటమ్మా?"

"గదిలో అడుగుపెట్టాకే వేస్తారట. చేతులు మార్చుకుంటున్నాను గానీ, బాణం మాత్రం దించట్లేదు మామయ్యా."

ఈ నడక లెక్కన ఆగస్టు తొమ్మిదో తేదీకి కాలేజీకి వస్తుంది.