పిరానాల తొట్టిలో నా చూపుడువేలు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాకు జమ్మలమడుగులో పప్పుల అంగడి ఉండేది. గోతంలో చెయ్యి పెట్టి చూడకుండా బేరమాడటం మా ఇంటా వంటా లేదు. ఆ దసరాకు ప్రొద్దుటూరులో ఒక డేరా ముందు ‘మనుషుల్ని తినే పిరానా చేపలు’ అన్న బోర్డు చూసి, టికెట్టు కొనకముందే తెర ఎత్తాను. తొట్టిలో అరచేయంత చేపలు మూలకు నక్కి ఉన్నాయి.

"ఏందప్పా, పెన్నేట్లో పరిగె చేపల మాదిరుండాయి! టికెట్టు సగానికియ్యి," అన్నాను.

"చెయ్యి పెట్టొద్దు మామా! శానా ఆకలి మీదుండాయి," అన్నాడు డేరావాడు.

అమ్మేవాడి గొప్పలేలే అని వేలు ముంచాను. కత్తెర పడినట్టయింది. నా వేలికొస కండ ఒక చేప నోట్లో ఉంది. దానికోసం మిగతావి ఆ చేప తోక కొరికాయి, పొట్ట చీల్చాయి, తేలిన పేగుల్నీ మింగాయి. అక్కడే వాంతి చేసుకున్నాను.

"నీ బేరానికి నా చేప పాయ గదప్పా!" అని వాడు లబోదిబోమన్నాడు.

వేలు మానింది. కానీ కందుల బండి రాగానే అంగళ్లవాళ్లమంతా ఎగబడి, ఒకరి బేరం ఒకరు కొరుక్కునేటప్పుడు నాకు ఆ తొట్టి నీచు వాసనే వచ్చేది.