వస్తువుల ఊరడిగే మేడం

కడపలో మా ల్యాబు పెద్దమేడం మనుషుల్నే కాదు, వస్తువుల్ని కూడా ఊరడిగేది. ఇటుక వచ్చినా, మేకు వచ్చినా చేతిలోకి తీసుకుని, "ఏ ఊరప్పా నీది?" అనేది.

మా పని బోరు నీళ్లలో రేడియేషన్ ఎంతుందో కొలవడం. కొలిచే యంత్రానికి బయటి రేడియేషన్ తగలకుండా చుట్టూ సీసం గోడ ఉంటుంది. కొత్త సీసంలో దాని సొంత రేడియేషన్ ఉంటుందని, మేడం కర్నూలులో కూలగొట్టిన పాత బంగళా సీసం పైపులు తెప్పించి కరిగించింది. "మన ముసలోళ్ల మాదిరి కాదప్పా, సీసం ముసలిదయ్యేకొద్దీ నోరు మూసుకుంటాది" అనేది.

ఒక దసరా అయ్యాక, లోపల ఏమీ పెట్టకుండానే యంత్రం పొటాషియం రేడియేషన్ చూపించింది. అరటిపండులోనూ, సిమెంటులోనూ ఉండేదే అది. అవతల రాయచోటి పక్క పల్లెవాళ్లు తమ బోరు నీళ్లు తాగొచ్చా లేదా అని కాచుకున్నారు. మేడం నా మీద పడింది.

"అరటిపండు తిన్న చేత్తో ముట్టుకున్నావా?"

"లేదు మేడం."

"బల్ల కింద సిమెంటు యాడిది?"

"ఎర్రగుంట్లది. అది ఎప్పట్నుంచో ఉండాది కదా మేడం."

రెండు రోజులు అన్నీ కడిగాం. చివరికి సీసం తలుపు తీసి టార్చి వేశాను. లోపలి గోడకు మూడు విభూతి గీతలు! ఆయుధపూజనాడు మేడం స్వయంగా పెట్టినవి. బూడిదంటేనే పొటాషియం. మేడంకు కనబడేలా టార్చి అక్కడే పట్టుకున్నాను.

మేడం తడిగుడ్డతో తుడిచింది. యంత్రం నోరు మూసుకుంది. మర్నాడు నీళ్లు కొలిచి, మంచివేనని పల్లెకు ఫోను చేసింది. ఫోను పెట్టేసి, తన మూడు వేళ్లనూ కళ్లముందుకు తెచ్చుకుని గట్టిగా నిలదీసింది:

"ఏ ఊరప్పా మీది?"